ఎన్ని అడుగులకు?

ఆరో భాగం వచ్చిందని
అనంతపురం బస్టాండు పుస్తకాలంగడి కుళ్లాయప్ప ఫోన్ చేస్తే
కంబదూరు పక్కన కేసింగు దించతా ఉన్నవాణ్ని
చేతులన్నా కడుక్కోకుండా బస్సెక్కినాను.

తొమ్మిదేండ్లు.
అయిదో భాగం చివర
కందళిని బావి అంచున నిలబెట్టి
'తరువాయి' అని రాసి పోయినాడు ఆ మహానుభావుడు.
తొమ్మిదేండ్లు ఆ పిల్ల అట్లే నిలబడుకోని ఉంది.
నేను మూడు బండ్లు మారినాను, రెండు వేళ్లు పోగొట్టుకున్నాను,
ఎన్ని వందల బోర్లు వేసినామో ఓనరు పుస్తకంలో ఉంటుంది.
కందళి మాత్రం లోపలికి చూస్తానే ఉంది.

మీకు ఊటరాజ్యం తెలియకపోతే చెప్తా.
వాన పేరు మర్చిపోయిన దేశం అది.
నీళ్లు కావాలంటే నేల ఏదో ఒకటి అడుగుతుంది.
మొదటి భాగంలో మున్నూరు పేజీలు తవ్వి
కందళి తెచ్చింది ఒక ముంత. అదీ బురద.
రెండో భాగంలో నేల గుసగుస వినాలని
ఎడమచెవి కోసి గుంతలో వేసింది.
ఆ పేజీ చదివిన రాత్రి
రిగ్గు కింద పడుకోని
నా చెవి కూడా నేలకు ఆనించి చూసినా.
డీజిలు వాసన తప్ప ఏమీ వినపళ్లేదు.

మా బండిలో చదివేది నేనొక్కణ్నే.
వినేవాళ్లు ముగ్గురు:
డ్రిల్లరు దస్తగిరి, రాడ్లు మార్చే సుంకన్న,
వంటకొచ్చిన మారెక్క.
కంప్రెసరు ఆపి హ్యామరు చల్లారేదాకా
ఒక అధ్యాయం.
అట్ల అయిదు భాగాలు ఎన్ని చేన్లలో చదివినామో!
కందళి తమ్ముడు దుమ్ములో కూరుకుపోయినప్పుడు
మారెక్క సంకటి మాడబెట్టింది.
ఎవురూ ఏమీ అనకుండా తిన్నాం.

ఆరోది మొదలుపెట్టినా.
ముప్పైరెండో పేజీలో కందళి
రెండు చెవులకూ కమ్మలు పెట్టుకునింది.
అచ్చుతప్పులే అనుకోని
కుడిచెవికి మాత్రం పెట్టి చదివినా.
నలభైఒకటో పేజీలో
యాడినుంచో ఒక ముని ఊడిపడి
కర్రతో నేలమీద కొట్టినాడు.
నీళ్లు.
తాటిచెట్టంత ఎత్తున నీళ్లు.
ఏడు బావులూ నిండి, తోటలు లేచి
నెమళ్లు కూడా వచ్చేసినాయి
ఒక్క పేరాలో.

"ఎన్ని అడుగులకు?" అన్నాడు సుంకన్న.
రాయలేదన్నా.
"కేసింగు ఎంత పడిందంట?"
రాయలేదన్నా.
"రాయే తగల్లేదా?"
పుస్తకం మూసినా.
దస్తగిరి బీడీ నలిపి
"అయితే ఆ పిల్ల చెవి యాలప్పా కోయించినాడు?" అన్నాడు.

రాసేవాడికి వయసైపోయిందేమో.
విసుగొచ్చిందేమో.
వాళ్లింట్లో కొళాయి తిప్పితే వస్తాయేమో.
కోపం కన్నా ముందు నాకు సిగ్గేసింది,
ఆ ముగ్గురి దగ్గర
నేనే అబద్ధం చెప్పి అప్పు తీసుకున్నట్టు.

మరుసటి పొద్దు ఎర్రిస్వామి చేన్లో
ఎనిమిదివందల అరవై అడుగులు పోయినాం.
ఆయప్పకు అది నాలుగో బోరు.
ఎర్రమన్ను, సుద్ద, నల్లరాయి,
ఆ మీదట వట్టి దుమ్ము.
బుడ్డల చెట్లన్నీ బూడిద పూసుకున్నాయి.
గట్టుమీద నిలబడిన ఆయమ్మ
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునింది.
చెవులు బోసిగా ఉన్నాయి.

రాత్రి మళ్లీ చదవమన్నారు.
నలభైఒకటో పేజీయే తెరిచి పెట్టుకోని
ముని కొట్టినాడు అన్నా.
కర్ర విరిగింది అన్నా.
ఇంకో కర్ర తెచ్చుకున్నాడు, అదీ విరిగింది.
అరిచేతులు బొబ్బలెక్కి ముని కూలబడితే
కందళి ఆయప్పకు మజ్జిగిచ్చి
ఉన్న ఒక్క చెవి నేలకు పెట్టి
శానాసేపు వినింది.
"ఈడ కాదు సామీ, ఇంకో మూరెడు పక్కన" అనింది.
మారెక్క గంటె ఆపింది.
దస్తగిరి బీడీ ముట్టించడం మర్చిపోయినాడు.
మళ్లా తవ్వుడు మొదలైంది.
నూరడుగులు. రెన్నూరు. రాయి.

నిద్ర పోయినాడనుకున్న సుంకన్న
కండ్లు తెరవకుండానే అన్నాడు:
"బాగుందిలే.
కానీ నువ్వు పేజీ తిప్పిన సప్పుడే రాలేదే."